కేవీఎం స్విచ్ మొరాయిస్తే ఎక్కడ వెతకాలి: ఒక మానిటరు, రెండు కంప్యూటర్ల మధ్య నా అనుభవం

టేబుల్ మీద ఉన్న సామాను ఇది: 27 అంగుళాల 2560×1440 మానిటరు, లైట్లున్న మెకానికల్ కీబోర్డు, వైర్‌లెస్ మౌస్, ఒక వెబ్‌క్యామ్. లినక్స్ డెస్క్‌టాప్ ఒకటి, ఆఫీసు పనికి విండోస్ ల్యాప్‌టాప్ ఒకటి. రెండింటి మధ్య రెండు పోర్టుల హెచ్‌డీఎంఐ కేవీఎం స్విచ్, అంటే ఒకే కీబోర్డు, మానిటరు, మౌస్‌లను బటన్ నొక్కి ఒక కంప్యూటరు నుంచి ఇంకోదానికి మార్చే పెట్టె. అడాప్టర్ పెట్టుకునే రంధ్రం ఉంది గానీ పెట్టెలో అడాప్టర్ రాలేదు. యూఎస్‌బీ కేబుల్ నుంచి వచ్చే కరెంటుతోనే నడుస్తుందని దాని మీద రాసి ఉంది.

ఇబ్బందులు ఇలా ఉండేవి. డెస్క్‌టాప్ వైపు మార్చగానే ఒక్కోసారి బొమ్మ 1024×768లో సాగిపోయి వచ్చేది, ఒక్కోసారి అసలు 'నో సిగ్నల్'. కీబోర్డు పని చేస్తూ చేస్తూ ఆగిపోయేది, లైట్లు ఒకసారి ఆరి వెలిగేవి. మౌస్ పాయింటర్ నత్తనడక నడిచేది. కంప్యూటరు ఆన్ కాగానే వచ్చే మదర్‌బోర్డు సెట్టింగుల తెర బయోస్‌లోకి వెళ్దామంటే డిలీట్ కీ పట్టించుకునేది కాదు. ఇన్ని ఒకేసారి కనిపిస్తే ఎవరైనా పెట్టె పాడైందనే అనుకుంటారు, కొత్తది కొంటారు. నేను చూసిన వాటిలో ఎక్కువ సార్లు పెట్టె బాగానే ఉంటుంది. దాని లోపల కరెంటు, యూఎస్‌బీ, వీడియో అని మూడు వేర్వేరు దారులున్నాయి. ఒక దారిలో లోపం ఉంటే అన్నీ చెడిపోయినట్టు కనిపిస్తుంది. అందుకే ఆ మూడింటినీ విడదీసి చూడాలి.

ముందు కేవీఎంను పూర్తిగా తీసేసి, మానిటరుకు వెళ్ళే కేబుల్‌నే ఒక్కో కంప్యూటరుకూ నేరుగా పెట్టాను. రెండిట్లోనూ 2560×1440, 60 హెర్ట్‌జ్ సరిగ్గా వచ్చింది. అంటే మానిటరుకూ గ్రాఫిక్స్‌కూ ఢోకా లేదు. తర్వాత కేవీఎం పెట్టి ఒక్క కంప్యూటరే కలపడం, ఆ తర్వాత రెండు కంప్యూటర్ల కేబుళ్లను ఒకదాని స్థానంలో ఒకటి మార్చడం. తేడా కేబుల్ వెంట వెళ్తే కేబుల్‌ది, పోర్టులోనే ఉండిపోతే స్విచ్‌ది, కంప్యూటరు వెంట వెళ్తే ఆ కంప్యూటరు సెట్టింగులది. ఒకసారికి ఒక్కటే మార్చాలి, రెండు కలిపి మారిస్తే ఏది నయం చేసిందో తెలియదు.

ఇక్కడ చాలామంది మరిచిపోయేది ఒకటుంది. కేవీఎం 'రీసెట్' అంటే అడాప్టర్ ఒక్కటే పీకితే చాలదు. కంప్యూటరు యూఎస్‌బీ నుంచి 5 వోల్టులు వస్తూనే ఉంటాయి, హెచ్‌డీఎంఐ 18వ పిన్ను మీద కూడా కంప్యూటరు 5 వోల్టులు పంపిస్తుంది. లోపలి చిప్ ఆ కాస్త కరెంటుతోనే పాత స్థితిలో ఉండిపోతుంది. అన్ని కేబుళ్లూ ఊడదీసి, అర నిమిషం ఆగి, ముందు మానిటరు ఆన్ చేసి, తర్వాత కేవీఎం, చివర కంప్యూటర్లు. ఈ వరుస ఎందుకంటే కొన్ని స్విచ్‌లు తాము ఆన్ అయ్యేటప్పుడే మానిటరు వివరాలు చదివి దాచుకుంటాయి. ఆ క్షణంలో మానిటరు గాఢనిద్రలో ఉంటే ఖాళీ వివరాలే దాచుకుంటాయి.

కేబుళ్లు మార్చి చూస్తే సంగతి విడిపోయింది. కీబోర్డు సమస్య రెండు పోర్టుల్లోనూ ఒకేలా ఉంది. బొమ్మ సమస్య మాత్రం డెస్క్‌టాప్‌కు వాడిన 3 మీటర్ల హెచ్‌డీఎంఐ కేబుల్ ఎటు వెళ్తే అటు వెళ్ళింది. ఇవి రెండు వేర్వేరు లోపాలు. వాటికి ఒకే మందు వెతికితే దొరకదు.

కరెంటు సంగతి ముందు చూశాను, ఎందుకంటే అది తేలకుండా మిగతావి చూడడం వృథా. యూఎస్‌బీ 2.0 నిబంధన ప్రకారం కంప్యూటరు ఒక పోర్టుకు 500 మిల్లీఆంపియర్లు ఇవ్వాలి. కానీ ఒక యూఎస్‌బీ పోర్టును పలు పోర్టులుగా చీల్చే హబ్‌కు సొంత అడాప్టర్ లేకపోతే అది తన కింది ఒక్కో పోర్టుకు 100 మిల్లీఆంపియర్లకు మించి హామీ ఇవ్వలేదు. అడాప్టర్ లేని కేవీఎం సరిగ్గా అలాంటి హబ్బే. లైట్లున్న మెకానికల్ కీబోర్డులు, వెబ్‌క్యామ్‌లు చాలావరకు తమకు 500 దాకా కావాలని ప్రకటిస్తాయి. లినక్స్‌లో తగిలించిన యూఎస్‌బీ పరికరాల జాబితా ఇచ్చే ఎల్‌ఎస్‌యూఎస్‌బీ కమాండును వివరంగా చూపమని అడిగితే ఒక్కో పరికరం దగ్గర 'మ్యాక్స్‌పవర్' అని ఈ అంకె కనిపిస్తుంది. వాటిని కూడి చూస్తే అసలు కథ అక్కడే సగం తెలుస్తుంది.

మిగతా సగం కేబుల్‌ది. కేవీఎంతో వచ్చే సన్నటి యూఎస్‌బీ కేబుళ్లలో కరెంటు తీగ చాలాసార్లు 28 గేజ్. గేజ్ అంకె పెరిగే కొద్దీ తీగ సన్నబడుతుంది. దాని నిరోధం మీటరుకు సుమారు 0.21 ఓమ్. 1.8 మీటర్ల కేబుల్‌లో పోను రాను కలిపి 3.6 మీటర్ల రాగి, అంటే 0.77 ఓమ్ దగ్గర. 500 మిల్లీఆంపియర్లు పారితే దాదాపు 0.38 వోల్టులు తీగలోనే పోతాయి. అదే 24 గేజ్ అయితే 0.15 వోల్టులే పోతాయి. చిన్న యూఎస్‌బీ మీటరును కేవీఎంకూ కీబోర్డుకూ మధ్య పెట్టి చూస్తే మామూలుగా 4.7 వోల్టులు చూపించింది. వెబ్‌క్యామ్ తెరిచి, కీబోర్డు లైట్లు పూర్తిగా పెంచితే 4.4 కిందికి జారింది. సరిగ్గా అప్పుడే కీబోర్డు లైట్లు ఆరి వెలిగాయి. లినక్స్ తన లోపల జరిగేవి రాసుకునే చిట్టా, అంటే డెస్క్‌టాప్ కెర్నల్ లాగ్‌లో యూఎస్‌బీ 'డిస్‌కనెక్ట్', వెంటనే 'డిస్క్రిప్టర్ రీడ్' ఎర్రర్ -110. ఆ -110 అంటే పరికరం గడువులోగా జవాబివ్వలేదని. -71 వస్తే సిగ్నల్ చెడి వస్తోందని, అప్పుడు కేబుల్‌నూ కనెక్టరునూ అనుమానించాలి. ఈ రెండు అంకెలు గుర్తు పెట్టుకుంటే సగం వెతుకులాట తప్పుతుంది.

అడాప్టర్ పెట్టేటప్పుడు జాక్ దూరింది కదా అని పెట్టెయ్యకూడదు. చూడ్డానికి ఒకేలా ఉండే 5.5×2.1 మిల్లీమీటర్ల గుండ్రటి జాక్‌నే 5 వోల్టులకూ, 9కీ, 12కీ వాడతారు. రౌటర్ 12 వోల్టుల అడాప్టర్‌ను 5 వోల్టుల కేవీఎంకు పెడితే పెట్టెతో పాటు కీబోర్డు కూడా పోవచ్చు. పెట్టె వెనక రాసిన వోల్టేజీ, మధ్య పిన్ను ప్లస్సా మైనస్సా అన్న గుర్తు చూసి, మల్టీమీటరుతో అడాప్టర్‌ను కొలిచి అప్పుడు పెట్టాలి. 5 వోల్టుల 2 ఆంపియర్ల అడాప్టర్ పెట్టాక అన్నీ వెలిగించినా 4.9 దగ్గర నిలబడింది. కీబోర్డు ఆగిపోవడం మళ్ళీ రాలేదు.

అడాప్టర్ పెట్టాక తప్పనిసరిగా చేసే పరీక్ష ఇంకొకటి ఉంది. కేవీఎం ఆన్‌లో ఉండగా, కంప్యూటరు వైపు యూఎస్‌బీ కొనను ఊడదీసి, దాని నాలుగు పిన్నుల్లో అటు చివర ఉన్నదానికీ ఇటు చివర ఉన్నదానికీ మధ్య వోల్టేజీ కొలవాలి. సున్నా రావాలి. 5 వోల్టులు కనిపిస్తే ఆ పెట్టె తన కరెంటును వెనక్కి, కంప్యూటరులోకి తోస్తోందన్నమాట. అలాంటప్పుడు షట్‌డౌన్ చేసిన కంప్యూటరు మదర్‌బోర్డు మీద లైట్లు వెలుగుతూ ఉంటాయి, కొన్ని యంత్రాలు సరిగ్గా రీబూట్ కావు. ఆ పిన్ను మీద టేప్ అంటించేవాళ్ళున్నారు. అయితే చాలా కేవీఎంలు కంప్యూటరు ఉందో లేదో ఆ 5 వోల్టులను చూసే తెలుసుకుంటాయి, టేప్ వేస్తే ఆ పోర్టే ఎంచుకోలేం. వెనక్కి తోసే పెట్టెను మార్చడమే మంచిది. డిస్‌ప్లేపోర్టులో కూడా ఇలాంటిదే ఉంది: నాసిరకం కేబుళ్లలో 20వ పిన్ను రెండు చివర్లా కలిపేసి ఉంటుంది. అది 3.3 వోల్టుల పిన్ను, మామూలు కేబుల్‌లో కలపకూడదు. కలిపితే మానిటరు కరెంటు గ్రాఫిక్స్ కార్డులోకి వెళ్ళి కంప్యూటరు ఆన్ కావడానికే మొండికేస్తుంది.

ఇక యూఎస్‌బీ. కేవీఎం వెనక కీబోర్డు బొమ్మ, మౌస్ బొమ్మ ఉన్న పోర్టులు మామూలు యూఎస్‌బీ పోర్టులు కావు. వాటి వెనక ఒక చిప్ ఉంటుంది. అది కీబోర్డును తాను చదివి, రెండు కంప్యూటర్లకూ తానే కీబోర్డునని చెప్పుకుంటుంది. అందుకే మార్చినప్పుడు కీబోర్డు పీకి పెట్టినట్టు కాకుండా వెంటనే పని చేస్తుంది, స్క్రోల్ లాక్ రెండుసార్లు కొట్టి మార్చడం కూడా ఆ చిప్ పుణ్యమే. అయితే ఆ చిప్‌కు సాదా కీబోర్డు భాష మాత్రమే వస్తుంది: 8 బైట్ల రిపోర్టు, షిఫ్ట్, కంట్రోల్ లాంటి మాడిఫయర్లు కాక ఒకేసారి 6 కీలు. గేమింగ్ కీబోర్డులు తమను తాము రెండు మూడు పరికరాలుగా చూపించుకుంటాయి, ఎన్ని కీలైనా ఒకేసారి పంపుతాయి. ఆ చిప్ అక్కడ తడబడుతుంది. కొన్ని అక్షరాలు రావు, వాల్యూమ్ కీలు పోతాయి, లేదా కీబోర్డే కనిపించదు. ఎల్‌ఎస్‌యూఎస్‌బీలో మీ కీబోర్డు కంపెనీ పేరు కాకుండా ఏదో తెలియని పేరు కనిపిస్తే మీరు ఆ చిప్ వెనక ఉన్నట్టే.

దీనికి రెండు దారులు. చాలా మెకానికల్ కీబోర్డుల్లో 6 కీల పద్ధతికి మార్చుకునే ఫంక్షన్ కీ కలయిక ఉంటుంది, మాన్యువల్‌లో దొరుకుతుంది. అది లేకపోతే కీబోర్డును పక్కనున్న మామూలు హబ్ పోర్టులో పెట్టాలి. అప్పుడు కీబోర్డు పూర్తిగా పని చేస్తుంది గానీ స్క్రోల్ లాక్‌తో మారదు, పెట్టె మీది బటన్ నొక్కాల్సిందే. 'హాట్‌కీ పని చేయట్లేదు' అనే ఫిర్యాదుల్లో పెద్ద వాటా ఇదే. ఇంకో కారణం, చిన్న కీబోర్డుల్లో స్క్రోల్ లాక్ కీయే ఉండదు. కంట్రోల్ రెండుసార్లు లేదా క్యాప్స్ లాక్ రెండుసార్లుకు మార్చుకునే వీలు చాలా పెట్టెల్లో ఉంది. వైర్‌లెస్ మౌస్ సిగ్నల్ అందుకునే చిన్న యూఎస్‌బీ ముక్క, అంటే డాంగిల్‌ను కూడా హబ్ పోర్టులోనే పెట్టాలి. అది కీబోర్డు, మౌస్ రెండూ తానేనని చెబుతుంది కాబట్టి ఆ చిప్ వెనక పెడితే ఒకటే పని చేయవచ్చు.

నత్తనడక మౌస్ సంగతి వేరు. డాంగిల్ 2.4 గిగాహెర్ట్‌జ్‌లో పని చేస్తుంది. యూఎస్‌బీ 3.0 డేటా వెళ్ళేటప్పుడు అదే పరిధిలో రేడియో గోల పుడుతుంది. ఇంటెల్ 2012లోనే దీని మీద ఒక సాంకేతిక పత్రం వేసింది. కేవీఎం పక్క పోర్టులో యూఎస్‌బీ 3.0 డ్రైవ్ ఉన్నప్పుడల్లా మౌస్ తడబడితే ఇదే. ఒక మీటరు యూఎస్‌బీ 2.0 ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో డాంగిల్‌ను మౌస్ ప్యాడ్ దగ్గరికి తెస్తే సరిపోతుంది.

బయోస్‌లో కీ తగలకపోవడానికి కారణం వేగం. ఫాస్ట్ బూట్ ఆన్‌లో ఉంటే మదర్‌బోర్డు యూఎస్‌బీ పరికరాల కోసం ఆగదు. కేవీఎం వెనకున్న హబ్ లేచి, కీబోర్డును చూపించేలోగా బయోస్ అవకాశం దాటిపోతుంది. ఒకసారి కీబోర్డును నేరుగా పెట్టి, ఫాస్ట్ బూట్ ఆపి, లెగసీ యూఎస్‌బీ సపోర్ట్ ఉంటే ఆన్ చేసి, కేవీఎం కేబుల్‌ను వెనక ఉన్న యూఎస్‌బీ 2.0 పోర్టులో పెట్టాక డిలీట్ కీ పని చేసింది. విండోస్ ల్యాప్‌టాప్ వైపు ఇంకో చిక్కు: కాసేపు వాడకపోతే హబ్‌ను నిద్రపుచ్చుతుంది. డివైస్ మేనేజరులో యూఎస్‌బీ రూట్ హబ్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్‌లో 'ఈ పరికరాన్ని ఆఫ్ చేయవచ్చు' అన్న టిక్కు తీసేయాలి.

అసలు తలనొప్పి వీడియోది. కంప్యూటరు బొమ్మ పంపే ముందు మానిటరును 'నువ్వెవరు, ఏమేం చూపించగలవు' అని అడుగుతుంది. మానిటరు ఇచ్చే జవాబే ఈడీఐడీ. మొదటి ముక్క 128 బైట్లు, హెచ్‌డీఎంఐ మానిటర్లలో సాధారణంగా ఇంకో 128. ఇది బొమ్మ వెళ్ళే తీగల్లో కాక హెచ్‌డీఎంఐ 15, 16 పిన్నుల మీద చాలా నెమ్మదిగా వెళ్తుంది. 19వ పిన్ను 'మానిటరు వచ్చింది' అని చెప్పే హాట్‌ప్లగ్ పిన్ను. చవక కేవీఎంలు ఒక కంప్యూటరు నుంచి మారగానే దాని 19వ పిన్నును కింద పడేస్తాయి, ఆ కంప్యూటరుకు మానిటరు పీకేసినట్టే తెలుస్తుంది. మళ్ళీ దాని వైపు మారినప్పుడు ఈడీఐడీ కొత్తగా చదవాలి. ఆ చదువు తప్పితే లినక్స్ కెర్నల్ గరిష్ఠంగా 1024×768 దాకా కొన్ని సురక్షిత సైజులు పెట్టుకుని ఆగిపోతుంది. తెర మీద కనిపించిన ఆ సాగిన బొమ్మ మూలం అదే.

దీన్ని కళ్ళతో చూడొచ్చు. లినక్స్ తన పరికరాల వివరాలను ఫైళ్ళలా చూపించే సిస్‌ఎఫ్‌ఎస్‌లో, గ్రాఫిక్స్‌కు చెందిన డీఆర్‌ఎం ఫోల్డరు కింద ఒక్కో కనెక్టరుకూ ఈడీఐడీ అనే ఫైలు ఉంటుంది. బాగున్నప్పుడు అందులో 256 బైట్లు ఉన్నాయి. మొదటి 8 బైట్లు ఎప్పుడూ ఒకటే: 00, ఆరు ఎఫ్‌ఎఫ్‌లు, మళ్ళీ 00. బొమ్మ చెడినప్పుడు అదే ఫైలు ఖాళీ. ఒకసారి 256 వచ్చినా కెర్నల్ లాగ్‌లో చెక్‌సమ్ తప్పిందన్న వరుస ఉంది. 128 బైట్లూ కూడితే 256తో నిశ్శేషంగా భాగించబడాలి, లేకపోతే దారిలో ఏదో బైటు చెడింది.

చెడగొట్టింది 3 మీటర్ల కేబుల్. హెచ్‌డీఎంఐ నిబంధనలో ఈ నెమ్మది తీగల కెపాసిటెన్స్‌కు, అంటే అవి చార్జ్ పట్టి ఉంచుకునే గుణానికి, పరిమితి ఉంది: కంప్యూటరు వైపు 50, మానిటరు వైపు 50, కేబుల్‌కు 700 పికోఫారడ్లు. చవక కేవీఎం ఆ తీగలను మధ్యలో బలపరచకుండా సూటిగా కలిపేస్తుంది. అప్పుడు ఒక కేబుల్‌కు ఉన్న పరిమితిలో రెండు కేబుళ్లు, ఒక సర్క్యూట్ బోర్డు ఇరుకుతాయి. సిగ్నల్ అంచులు మొద్దుబారి బైట్లు తప్పుతాయి. కేవీఎం పెట్టినప్పుడు కేబుల్ పొడవు అంటే కంప్యూటరు నుంచి మానిటరు దాకా మొత్తం పొడవని లెక్కేసుకోవాలి. 3 మీటర్లది తీసి 1.5 మీటర్లది పెట్టగానే 1024×768 రావడం దాదాపు ఆగింది.

'దాదాపు' చాలదు కాబట్టి డెస్క్‌టాప్ వైపు ఈడీఐడీని స్థిరం చేశాను. మానిటరును నేరుగా కలిపినప్పుడు ఆ 256 బైట్ల ఫైలును కాపీ చేసి, ఫర్మ్‌వేర్ ఫోల్డరులో ఈడీఐడీ అనే ఉపఫోల్డరులో పెట్టి, బూట్ చేసేటప్పుడు కెర్నల్‌కు ఇచ్చే డీఆర్‌ఎం ఈడీఐడీ ఫర్మ్‌వేర్ ఆప్షన్‌లో కనెక్టరు పేరు, ఫైలు పేరు ఇవ్వాలి. గ్రాఫిక్స్ డ్రైవర్ తొందరగా లేస్తుంది కాబట్టి ఆ ఫైలును బూట్ మొదట్లో కెర్నల్ వాడుకునే చిన్న ఫైళ్ళ మూట ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో కూడా చేర్చాలి. ఇది మరిచిపోతే ఫైలు దొరకలేదని లాగ్‌లో వస్తుంది, ఫలితం ఏమీ మారదు. కేవీఎం ల్యాప్‌టాప్ వైపు ఉన్నప్పుడు కూడా మానిటరు ఉన్నట్టే అనుకోవాలంటే వీడియో ఆప్షన్ చివర బలవంతంగా ఆన్ చేసే ఇంగ్లిష్ 'e' అక్షరం కావాలి.

ల్యాప్‌టాప్‌లో ఇలాంటి మార్పులకు ఆఫీసు ఐటీ వాళ్ళు ఒప్పుకోరు. అక్కడ ఈడీఐడీ ఎమ్యులేటర్ అనే బొటనవేలంత ముక్క పనికొస్తుంది. ముందు దాన్ని నేరుగా మానిటరుకు పెట్టి 'లెర్న్' చేయించాలి, తర్వాత ల్యాప్‌టాప్ కేబుల్‌కూ కేవీఎంకూ మధ్య పెట్టాలి. మార్చినప్పుడల్లా కిటికీలన్నీ ల్యాప్‌టాప్ చిన్న తెర మీదికి కుప్పగా చేరే బాధ కూడా దీనితో పోతుంది, ఎందుకంటే విండోస్‌కు మానిటరు పోయినట్టు తెలియదు. విండోస్ 11 డిస్‌ప్లే సెట్టింగుల్లో మానిటరును బట్టి కిటికీల చోటు గుర్తుంచుకునే ఆప్షన్ ఉంది, ఎమ్యులేటర్ కొనే ముందు అది ఆన్‌లో ఉందో చూడండి. ఎమ్యులేటర్ కొంటే దాని వేగం చూసి కొనాలి. హెచ్‌డీఎంఐ 1.4 రకం 10.2 గిగాబిట్లు, అది 4కె మానిటరును 30 హెర్ట్‌జ్‌కు కట్టేస్తుంది. కేవీఎం పెట్టె మీద పెద్దగా '4కె' అని ఉన్నా ఇదే జాగ్రత్త. 60 హెర్ట్‌జ్, 18 గిగాబిట్లు, రంగు వివరాలు తగ్గించకుండా పంపుతుందని చెప్పే 4:4:4 అనే మూడూ రాసి ఉంటేనే నమ్మాలి. 2560×1440, 60 హెర్ట్‌జ్‌కు 241.5 మెగాహెర్ట్‌జ్ క్లాక్ సరిపోతుంది, 1.4 పరిమితి 340 కాబట్టి పాత పెట్టె చాలు. అదే మానిటరును 144లో నడపాలంటే చాలదు.

మానిటరు మెనూలో 'ఆటో ఇన్‌పుట్' ఆపేయండి. కేవీఎం మారే ఒకటి రెండు సెకన్ల చీకట్లో మానిటరు వేరే ఇన్‌పుట్ వెతుక్కుంటూ పోయి 'నో సిగ్నల్' చూపిస్తుంది.

ఎర్తింగ్ గురించి కాస్త గట్టిగా చెప్పాలి. రెండు పిన్నుల ల్యాప్‌టాప్ చార్జర్‌లో ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల ల్యాప్‌టాప్ లోహపు ఒంటి మీద లీకేజీ ఉంటుంది. మల్టీమీటరుతో ఎర్త్‌కు కొలిస్తే 230 వోల్టుల్లో సగం దాకా చూపించవచ్చు. కరెంటు మైక్రోఆంపియర్లలోనే కాబట్టి చేతికి జివ్వుమంటుంది అంతే. కానీ ఆన్‌లో ఉన్న ల్యాప్‌టాప్ హెచ్‌డీఎంఐని ఎర్త్ ఉన్న మానిటరు వైపు కేవీఎంలో గుచ్చినప్పుడు ఆ లీకేజీ ఏదైనా పిన్ను గుండా దిగవచ్చు. ఈడీఐడీ చదివే సున్నితమైన చిప్‌లు అలా పోవచ్చు. తర్వాత 'బొమ్మ వస్తోంది గానీ రిజల్యూషన్ రావట్లేదు' అంటారు. మన ఇళ్ళలో మూడో పిన్ను రంధ్రం ఉన్నా వెనక ఎర్త్ తీగ లేని బోర్డులు చాలానే. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య 230 దగ్గర, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య కొద్ది వోల్టులే రావాలి. మానిటరు, డెస్క్‌టాప్, కేవీఎం, చార్జర్ అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద పెట్టి, కేబుళ్లు గుచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ చార్జర్ తీసేయాలి. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే లిప్తపాటులో కేవీఎం చిన్న అడాప్టర్ వదిలేస్తే స్విచ్ మొదటి పోర్టుకు వెళ్ళిపోతుంది. డెస్క్‌టాప్ యూపీఎస్ మీద ఉంటే కేవీఎం అడాప్టర్‌ను కూడా దాని మీదే పెట్టండి.

మానిటరుకు రెండు ఇన్‌పుట్లు ఉన్నవాళ్ళకు నేను ఇప్పుడు వీడియో కేవీఎం కొనమని చెప్పను. రెండు కంప్యూటర్లనూ మానిటరుకు నేరుగా రెండు కేబుళ్లతో కలిపి, కీబోర్డు మౌస్‌లకు అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ స్విచ్ ఒక్కటే పెట్టుకుంటే ఈడీఐడీ గొడవే ఉండదు, వేగం మానిటరుకు ఎంతుంటే అంత. ఇన్‌పుట్ మార్చడానికి మానిటరు బటన్లు వెతకనక్కర్లేదు. డీడీసీ సీఐ అనే పద్ధతిలో కంప్యూటరే మానిటరుకు ఆజ్ఞ ఇవ్వగలదు. లినక్స్‌లో డీడీసీయుటిల్ అనే పనిముట్టుతో ఫీచర్ కోడ్ 60కి విలువ 15 ఇస్తే మొదటి డిస్‌ప్లేపోర్టు, 17 ఇస్తే మొదటి హెచ్‌డీఎంఐ, 18 ఇస్తే రెండోది. ఆ 60 హెక్స్ అంకె, అంటే పదహారు ఆధారంగా రాసేది, తక్కినవి మామూలు అంకెలు. కొన్ని మానిటర్లు వేరే విలువలు వాడతాయి కాబట్టి ముందు అదే పనిముట్టుతో మానిటరు సామర్థ్యాల జాబితా అడిగి, అక్కడ 60 కింద ఏమున్నాయో చూసుకోవాలి. ఏమీ జవాబు రాకపోతే మానిటరు మెనూలో డీడీసీ సీఐ ఆఫ్‌లో ఉందేమో చూడండి, లినక్స్ వైపు ఆ నెమ్మది తీగలతో మాట్లాడించే ఐ2సీ డెవ్ మాడ్యూల్ ఎక్కిందో లేదో చూడండి. యూఎస్‌బీ స్విచ్ నొక్కగానే డెస్క్‌టాప్ నుంచి కీబోర్డు పోయినట్టు తెలుస్తుంది కదా, ఆ సంఘటనకే, పరికరం వచ్చినప్పుడూ పోయినప్పుడూ పనులు చేయించే లినక్స్ భాగమైన యూడెవ్‌లో నియమం ఒకటి రాసి ఈ ఆజ్ఞను తగిలిస్తే ఒకే బటన్‌తో కీబోర్డూ తెరా కలిసి మారతాయి. తిరిగి రావడానికి కూడా డెస్క్‌టాప్‌లోనే, కీబోర్డు వచ్చిన సంఘటనకు ఇంకో నియమం రాయాలి. కాకపోతే తెర మీద లేని ఇన్‌పుట్ నుంచి వచ్చే ఆజ్ఞను కొన్ని మానిటర్లు వినవు. అలాంటి మానిటరైతే తిరిగి వచ్చే ఆజ్ఞను ల్యాప్‌టాప్ వైపు పెట్టుకోవాలి.